నలిపి ఇవ్వకూడని మాత్ర

మాత్ర మింగలేని పెద్దవాళ్ళకు దాన్ని రెండు చెంచాల మధ్య నలిపి, తేనెలో రంగరించి పట్టడం మన ఇళ్ళలో మామూలే. "వేడి చేస్తుంది, సగం చాలు" అని విరిచి ఇవ్వడమూ మామూలే. చాలా మందుల విషయంలో దీనివల్ల పెద్ద ప్రమాదం లేకపోవచ్చు. కాని కేన్సర్ నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాత్రల్లో ఒక రకం ఉంది. దాన్ని నలిపి ఇస్తే నొప్పి తగ్గడం మాట అటుంచి, ప్రాణం మీదికే రావచ్చు.

నాంపల్లి స్టేషన్లో రైలు దిగి, ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని రెడ్ హిల్స్ దారి పట్టేవాళ్ళు రోజూ కనిపిస్తారు. వారిలో చాలామంది వెళ్ళేది 1955లో ఏర్పడిన మెహదీ నవాజ్ జంగ్ కేన్సర్ ఆసుపత్రికి. ఎం.ఎన్.జె. అంటే ఆటోవాళ్ళందరికీ తెలుసు. డాక్టర్ గాయత్రి పాలట్ వంటి వైద్యుల కృషితో అక్కడ నొప్పి నివారణ విభాగం నిలదొక్కుకుంది. అక్కడి నుంచి ఊరికి తీసుకెళ్ళే మందుల్లో మార్ఫిన్ ఒకటి. తెచ్చుకున్నాక దాన్ని వేసేది డాక్టరు కాదు, ఇంట్లోవాళ్ళు. అందుకే ఆ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండాలి.

మార్ఫిన్ నల్లమందు నుంచి తీసే మందు. చట్టబద్ధంగా గసగసాల మొక్క పెంచి నల్లమందు తీసే కొద్ది దేశాల్లో మనదొకటి. అయినా మన రోగులకే అది అందని రోజులు చాలాకాలం నడిచాయి. 1985 నాటి మత్తుమందుల చట్టం కింద ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే అనేక లైసెన్సులు కావలసి వచ్చేవి. 2014లో చట్టాన్ని సవరించి ఆ చిక్కు కొంత విడదీశారు. ఇప్పటికీ అబిడ్స్‌లో ఏ మందుల షాపుకైనా వెళ్ళి, తలనొప్పి బిళ్ళ అడిగినట్లు అడిగితే ఇచ్చే మందు కాదిది. ఇవ్వకూడదు కూడా.

ధారాపాత్ర లాంటి మాత్ర

మామూలు మార్ఫిన్ మాత్ర మింగితే కడుపులో త్వరగా కరిగి, పేగుల నుంచి రక్తంలోకి వెళుతుంది. కాని నేరుగా ఒళ్ళంతా పాకదు. పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయం గుండా పోవాలి. ఆ మొదటి మజిలీలోనే మందులో ఎక్కువ భాగం మారిపోతుంది. సుమారు మూడో వంతు మాత్రమే మార్ఫిన్‌గా మిగిలి శరీరానికి అందుతుంది. ఇంజెక్షన్ మోతాదు కన్నా మాత్ర మోతాదు ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. అలా అందినది కూడా రెండు మూడు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. కనుక మామూలు మాత్రను నాలుగు గంటలకొకసారి వేయాలి. అర్ధరాత్రి రోగిని లేపి మాత్ర వేయడం ఎవరికి సుఖం చెప్పండి?

ఈ ఇబ్బంది తీర్చడానికే నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు వచ్చాయి. శివలింగం మీద ధారాపాత్ర ఉంటుంది కదా! బిందెడు నీళ్ళు ఒక్కసారి కుమ్మరించకుండా బొట్టుబొట్టుగా వదులుతుంది. ఈ మాత్రలో మందును మైనం వంటి పదార్థంతోనో, నీరు తగిలితే జిగురుగా ఉబ్బే పదార్థంతోనో కలిపి బిగిస్తారు. పేగుల్లో కదిలిపోతూ అది పన్నెండు గంటలపాటు మందును కొంచెం కొంచెంగా వదులుతుంది. ఉదయం ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. కొన్ని రకాల మాత్రల్లో మందు అయిపోయాక మిగిలిన డొల్ల మలంలో కనిపించవచ్చు. "మాత్ర అరగలేదు, ఇంకోటి వేద్దాం" అని కంగారు పడకండి.

ఇప్పుడు లెక్క చూడండి. పన్నెండు గంటలకు ఇచ్చే 30 మిల్లీగ్రాముల మాత్రలో, నాలుగు గంటలకొకసారి వేసే 10 మిల్లీగ్రాముల మోతాదులు మూడు దాగి ఉన్నాయి. నలిపితే, నమిలితే ఆ మూడూ ఒక్కసారే రక్తంలో పడతాయి. అంటే ధారాపాత్ర పగిలినట్లే! ఆ తరువాత మిగతా గంటలకు మందు ఉండదు కనుక నొప్పి తిరగబెడుతుంది. ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునే రోగికి కూడా ఈ మాత్రను పొడి చేసి పోయకూడదు. మింగలేకపోతున్నారని డాక్టరుతో చెబితే మామూలు మాత్రకో, ద్రవరూపంలోని మందుకో, చర్మానికి అంటించే ఫెంటనిల్ పట్టీకో మారుస్తారు. ఆ పట్టీ సాధారణంగా మూడు రోజులు పనిచేస్తుంది. దానిమీద వేడినీళ్ళ సంచి పెడితే మందు ఎక్కువగా లోపలికి పోతుంది. జ్వరం బాగా వచ్చినా అంతే.

మూత్రపిండాల సంగతి

కాలేయం మార్చిన పదార్థాలు ఊరికే పోయే చెత్త కాదు. వాటిలో ఒకటి మార్ఫిన్ లాగే, ఇంకా చెప్పాలంటే అంతకన్నా బలంగా నొప్పిమీద పనిచేస్తుంది. దాన్ని బయటికి పంపవలసింది మూత్రపిండాలు. అవి మందగిస్తే అది రక్తంలో పేరుకుపోతుంది. గర్భాశయ ముఖద్వారపు కేన్సర్ ముదిరితే గడ్డ మూత్రనాళాలను నొక్కేస్తుంది. మగవాళ్ళలో ప్రోస్టేట్ కేన్సర్‌తోనూ ఇలా జరగవచ్చు. అందువల్ల నెల రోజులుగా సరిపోతున్న మోతాదే ఒకనాటికి ఎక్కువైపోతుంది. మే నెల ఎండల్లో వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా ఇదే ప్రమాదం. మూత్రం తగ్గడం, పగలంతా మగతగా ఉండడం, చేతులు కాళ్ళు ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డట్లు ఎగరడం, పొంతన లేని మాటలు - వీటిలో ఏది కనిపించినా "జబ్బు ముదిరింది కాబోలు" అని ఊరుకోకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. మోతాదు తగ్గించవచ్చు, మందే మార్చవచ్చు.

మొదటి రెండు మూడు రోజుల మత్తు, వారం రోజుల వికారం సాధారణంగా వాటంతటవే సర్దుకుంటాయి. సర్దుకోనిది మలబద్ధకం ఒక్కటే. మార్ఫిన్ వాడినన్నాళ్ళూ ఉంటుంది. కనుక మార్ఫిన్‌తో పాటే మొదటి రోజు నుంచీ విరేచనం మందు కూడా రాస్తారు. సునాముఖి నుంచి చేసినవి వీటిలో ఉన్నాయి. నీళ్ళు సరిగా తాగలేని రోగికి ఇసబ్‌గోల్ పెడితే అది పేగుల్లోనే గట్టిపడి కొత్త చిక్కు తెస్తుంది.

"అలవాటు పడిపోరా?" అని అందరూ అడిగేదే. కొన్ని వారాలు వాడాక శరీరం ఈ మందుకు అలవాటు పడుతుంది, నిజమే. హఠాత్తుగా మానేస్తే చెమటలు, వణుకు, విరేచనాలు, విపరీతమైన నొప్పి వస్తాయి. అందుకని డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించుకోవాలి. ఇది వ్యసనం కాదు. మత్తు కోసం మందును వెతుక్కోవడం వేరు, నొప్పి లేకుండా నిద్రపోవాలనుకోవడం వేరు. వ్యసనం భయంతో నొప్పిలో మెలికలు తిరిగే మనిషికి మాత్ర ఇవ్వకుండా దాచే ఇళ్ళు ఉన్నాయి. ఆ కాఠిన్యం ఎవరికీ మేలు చేయదు. మార్ఫిన్ ఇచ్చారంటే రోజులు దగ్గర పడ్డాయనీ అర్థం కాదు. చికిత్స జరుగుతుండగానే నొప్పికి దీన్ని వాడేవాళ్ళు ఎందరో.

సారా, విస్కీ, కల్లు ఏదీ ఈ మందుతో పనికిరాదు. మద్యం కూడా శ్వాసను మందగింపజేస్తుంది. పైగా కొన్ని రకాల మాత్రల్లో మందు ఒక్కసారిగా విడుదలయ్యేలా చేస్తుంది. ఈ కారణంతోనే 2005లో అమెరికాలో ఇదే కోవకు చెందిన పల్లాడోన్ అనే మందును అమ్మకాల నుంచి తప్పించారు. మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రజోలం వంటి నిద్ర మందులు కలిపి పట్టుబడిన కేసులు ఎన్నో. "ఒక్క గ్లాసు కల్లుకేం" అనేవాళ్ళకు ఆ గ్లాసులో ఏముందో ఎలా తెలుస్తుంది? డాక్టరుకు చెప్పకుండా నిద్రమాత్రలు కూడా వేయకూడదు.

మోతాదు మరిచిపోతే తరువాత రెండు కలిపి వేయకండి. రోగిని గట్టిగా తట్టి పిలిచినా లేవకపోతే, కంటిపాప సూదిమొనలా చిన్నదైతే, ఊపిరి నిమిషానికి ఎనిమిదిసార్ల కన్నా తక్కువైతే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో నలాక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే కొద్ది నిమిషాల్లో తేరుకోవచ్చు. కళ్ళు తెరిచారు కదా అని అప్పుడే ఇంటికి తీసుకురావద్దు. నలాక్సోన్ పని సుమారు గంటలో తీరిపోతుంది, పేగుల్లోని మాత్ర మాత్రం మందు వదులుతూనే ఉంటుంది. కనీసం ఆ రోజంతా డాక్టర్ల కళ్ళముందే ఉండాలి.

చివరిగా, మిగిలిన మాత్రల సంగతి. రోగి పోయాక అవి అలమరలో ఉండిపోతాయి. మోకాళ్ళ నొప్పులున్న పక్కింటి పెద్దమ్మకో, బిళ్ళ రంగు చూసి నోట్లో పెట్టుకునే పిల్లవాడికో అవి దొరకకూడదు. ఎప్పుడూ ఈ మందు వాడని మనిషికి 60 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి కూడా ప్రమాదమే. లెక్క పెట్టి, ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించండి.