రోడ్డు పక్కన నిద్రించేవారు కనిపిస్తే.. మీరేం చేయొచ్చు?

అక్టోబర్ వచ్చిందంటే నెల్లూరు తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాల భయం మొదలవుతాయి. మరి బస్టాండ్లలో, దుకాణాల అరుగుల మీద పడుకునేవారి సంగతేంటి? చర్చిలు, సేవా సంస్థలు అన్నం పొట్లాలు, దుప్పట్లు పంచుతుంటాయి. కానీ దుప్పటి ఒక రాత్రికే ఆసరా. ఆ తర్వాత ఏం చేయాలో చూద్దాం.

ఆశ్రయం ఎవరి బాధ్యత?

ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండే వసతి కేంద్రాలు నగరాల్లో ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల ప్రకారం లక్ష జనాభాకు 100 మందికి చోటుండాలి. ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగులు కేటాయించాలి. 2011 లెక్కల్లో నెల్లూరు జనాభా సుమారు 5 లక్షలు. అంటే 500 మందికి వసతి ఉండాలి. ఈ బాధ్యత నగరపాలక సంస్థదే. ఏపీలో ఆ మిషన్ పనులు మెప్మా చూసింది. కేంద్రాల నిర్వహణను స్వచ్ఛంద సంస్థలకు అప్పగించే వీలుంది.

ఎవరికి ఫోన్ చేయాలి?

• ఒంట్లో బాగోలేకపోతే: 108
• పిల్లలైతే: 1098
• ఆపదలో ఉన్న మహిళలైతే: 181
• దిక్కులేని వృద్ధులైతే: 14567
• ప్రమాదం అనిపిస్తే: 112

మానసిక అనారోగ్యంతో తిరుగుతున్నవారిని 2017 చట్టం ప్రకారం పోలీసులు రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు.

అడ్రస్ లేకపోతే ఓటు ఉండదా?

ఉంటుంది. ఫారం-6లో తాను పడుకునే చోటు రాస్తే చాలు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, నిజంగా అక్కడే ఉంటున్నారో లేదో చూస్తారు. నివాస ధ్రువపత్రం అడగరు. ఆధార్, రేషన్, పింఛన్ వంటివి ఇప్పించడంలో సాయపడటం వసతి కేంద్రాల పనుల్లో ఒకటి.

సాయానికి షరతులా?

1876-78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు ప్రాంతంలో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి ఇచ్చారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. సాయం వేరు, విశ్వాసం వేరు అన్న ఆ గీత నేడు ఏ సంస్థకైనా పనికొస్తుంది.

మీరు చేయగలిగింది

ముందు పలకరించండి. పేరు, ఊరు, అవసరం అడగండి. అనుమతి లేకుండా ఫొటో తీయొద్దు, బలవంతంగా తరలించొద్దు. దగ్గర్లోని వసతి కేంద్రం ఎక్కడుందో వార్డు సచివాలయంలో కనుక్కుని, వానలకు ముందే వారికి చెప్పండి. కేంద్రం లేకపోతే కమిషనర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.