జ్ఞానదంతం తీయిస్తే కళ్లు పోవు - తీయించాక బీడీ ముడితేనే ముప్పు

కొత్తచెరువు: శనక్కాయ పెరికిన చేతులకు జ్ఞానదంతం సంగతి చెప్పడం సులభం. నేలలో పదునుంటే చెట్టును పట్టి లాగితే కాయలతో సహా వచ్చేస్తుంది. పదును ఆరి నేల బిగిసిందా, చెట్టు చేతికొస్తుంది, కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. ఇక తవ్వి తీసుకోవలసిందే. నోట్లో చిట్టచివర వచ్చే పళ్ల వ్యవహారమూ ఇంతే. నిటారుగా మొలిచిన పన్నును పట్టకారుతో కదిపి తీసేస్తారు. దవడ ఎముకలో అడ్డంగా పడుకున్న పన్నుకు మాత్రం చిగురు కోయాలి, ఎముక కొంత తొలచాలి, పన్నును ముక్కలు చేసి ఒక్కొక్కటే బయటికి తీయాలి. అందుకే దీన్ని పన్ను పీకడం అనకుండా ఆపరేషన్ అంటారు.

ఈ ఆపరేషన్ అంటే పల్లెల్లో ఉన్న భయం ఇంతా అంతా కాదు. దవడ పన్ను తీయిస్తే చూపు పోతుందన్న మాట తాతల కాలం నుంచి ఉన్నదే. ఆ భయంతోనే బుగ్గ ఉబ్బినా, నోరు సగం కూడా తెరుచుకోకపోయినా లవంగం నొక్కిపెట్టి, సున్నం పట్టించి, మెడికల్ షాపు మాత్రలు మింగి నెలల తరబడి నెట్టుకొచ్చేవారు తక్కువేమీ కాదు.

నిజానికి కంటికి చూపునిచ్చే నరం వేరు, పంటి నొప్పిని మెదడుకు తెలిపే నరం వేరు. ఒకదాన్ని కదిపితే రెండోది చెడదు. మరి ఈ నమ్మకం ఎలా పుట్టింది? పళ్లు కదిలే వయసూ, చత్వారం వచ్చే వయసూ ఒకటే కావడం వల్ల పుట్టి ఉంటుంది. నలభై దాటాక పన్ను పీకించుకున్న మనిషికి ఆ ఏడాదే కళ్లద్దాలు వచ్చాయంటే నేరం పంటి డాక్టరు మీద పడిపోతుంది.

చోటు లేక వచ్చే చిక్కు

జ్ఞానదంతాలు మొత్తం నాలుగు. పదిహేడేళ్ల నుంచి పాతికేళ్ల లోపు వస్తాయి. కొందరికి ఒకటి రెండే వస్తాయి, కొందరికి అసలు రావు. జ్ఞానం వచ్చే వయసులో మొలుస్తాయని ఆ పేరు పెట్టారు గానీ, ఇవి వచ్చే వేళకు ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకు పరీక్షలు, ఆడపిల్లలకు పెళ్లి చూపులు ఉంటాయి. ఆ సమయంలో బుగ్గ వాచిందంటే ఇంట్లో కంగారు చెప్పనలవి కాదు.

పచ్చి దుంపలు, పచ్చి మాంసం నమిలిన ఆదిమానవుడి దవడ పెద్దది. వండిన మెత్తని తిండికి అలవాటు పడ్డాక దవడ చిన్నదైందనీ, పళ్ల లెక్క మాత్రం తగ్గలేదనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. చోటు చాలక చివరి పన్ను ముందు పన్నుకు గుద్దుకుని వాలిపోతుంది. సగం పైకి వచ్చి సగం చిగురు కింద ఉండిపోయిన పన్నుతోనే పేచీ ఎక్కువ. ఆ చిగురు మడత కింద అన్నం మెతుకు చేరుతుంది, కుళ్లుతుంది, చీము పడుతుంది. పక్కనున్న మంచి పన్ను కూడా పుచ్చిపోతుంది.

దీనికంతటికీ బోరు నీళ్లే కారణమని మన వైపు అనుకోవడం కద్దు. అనంతపురం ప్రాంతపు భూగర్భ జలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న మాట వాస్తవమే. పిల్లల పళ్లపై గోధుమ రంగు గారలు, గుంటలు ఆ నీటి పాపమే. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది కూడా 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే. 1995లో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలోని వందలాది గ్రామాలకు నీళ్లివ్వడం వెనుక ఉన్నదీ ఈ బాధే. కానీ జ్ఞానదంతం వాలిపోవడానికి కారణం నీళ్లు కాదు, దవడలో చోటు లేకపోవడం.

ఎప్పుడు తీయించాలి?

నొప్పి లేదు, చీము లేదు, నిటారుగా మొలిచింది, తోముకోవడానికి బ్రష్ అందుతుంది అంటే ఆ పన్ను జోలికి పోనక్కరలేదు. బాధ లేని జ్ఞానదంతాన్ని ముందు జాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్ వైద్య సంస్థ 2000లో తమ డాక్టర్లకు చెప్పింది. మళ్లీ మళ్లీ వాచే పన్నును, పుచ్చిన పన్నును, పక్క పన్నును చెడగొట్టే పన్నును మాత్రం తీయించక తప్పదు.

వాపు విషయంలో ఒక హద్దు ఉంది. బుగ్గ దాటి దవడ కిందికి, మెడలోకి వాపు దిగితే, జ్వరం కాస్తూ ఉమ్మి మింగడం కష్టమైతే, నాలుక పైకి లేచినట్టు తోస్తే అది పంటి నొప్పి కాదు, ప్రాణం మీదికి వచ్చిందని లెక్క. చీము గొంతు చుట్టూ పాకి ఊపిరి ఆడనివ్వదు. లుడ్విగ్ అనే జర్మనీ వైద్యుడు 1836లోనే ఈ జబ్బును వివరించాడు. అప్పుడు తెల్లవారనివ్వకుండా 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేరాలి. అలాంటి వేళ వాపుపై బయటి నుంచి వేడి కాపడం పెట్టడం, చిగురుపై ఆస్పిరిన్ మాత్ర అదిమిపెట్టడం చేయరాదు. మాత్ర చిగురును కాలుస్తుంది. సున్నం, పొగాకు చేసే పనీ అదే. లవంగ నూనెతో కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తగ్గవచ్చు గానీ చీము పోదు.

ప్రభుత్వ వైద్యం కావాలంటే అనంతపురం సర్వజన ఆసుపత్రిలో దంత విభాగం ఉంది. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలే ఉంది. సంతల్లో గుడ్డ పరిచి పళ్లు పీకేవారి దగ్గరికి పోవడం కొరివితో తల గోక్కోవడమే. చట్టం ప్రకారం రిజిస్టరైన వారే పంటి వైద్యం చేయాలి.

సూది పొడిచాక నొప్పి ఉండదు

1844 డిసెంబరు 11న అమెరికాలో హొరేస్ వెల్స్ అనే పంటి వైద్యుడు నవ్వు పుట్టించే వాయువు పీల్చి, తోటి వైద్యుడి చేత తన పన్నే పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. ఇప్పుడు వాడే మత్తు సూది మందు లిగ్నోకెయిన్‌ను 1943లో స్వీడన్‌లో తయారు చేశారు. సూది పొడిచాక లాగుతున్నట్టు, తొలుస్తున్నట్టు తెలుస్తుంది తప్ప నొప్పి ఉండదు. ముందుగా ఎక్స్‌రే తీస్తారు. కింది పన్ను వేళ్లకు దగ్గరగా పెదవికి స్పర్శనిచ్చే నరం పోతుంది. అది ఎంత దూరంలో ఉందో చూడకుండా పని మొదలుపెట్టరు. ఆ నరం ఒరుసుకుపోతే కింది పెదవి కొన్ని వారాలు, నెలలు మొద్దుబారవచ్చు. అరుదుగా అలాగే ఉండిపోవచ్చు. ఈ మాట ముందే అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు. సుగర్ ఉన్నవారు, గుండె జబ్బుకు రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవారు, గర్భిణులు, పిల్లలు పుట్టకుండా మాత్రలు మింగే స్త్రీలు ఆ సంగతి డాక్టరుకు దాచకూడదు. రక్తం మాత్రలు సొంతంగా మానేయనూ కూడదు.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డే మందు, అదే కట్టు. కింద ఎముకను కప్పి, గాయం మానడానికి పాదు వేసేది అదే. మన అలవాట్లన్నీ దాన్ని పెరికేవే కావడం చిక్కు. నోట్లో నెత్తురు తగలగానే పదే పదే ఉమ్ముతారు. ఉమ్మిన కొద్దీ గడ్డ కదిలి నెత్తురు ఇంకా వస్తుంది. డాక్టరు పెట్టిన గుడ్డను అర గంట, ముప్పావు గంట గట్టిగా కరిచి పట్టుకుని, ఊరిన నీరు మింగేయాలి. మొదటి రోజు ఎంగిలిలో ఎర్రజీర కనిపిస్తే హడలిపోనక్కరలేదు. నోరు నిండేలా నెత్తురు వస్తుంటేనే వెనక్కి వెళ్లాలి.

బీడీ లాగడం దీనికంటే చేటు. లాగే ఊపుకు గడ్డ లేచి వస్తుంది, పొగ గాయాన్ని మాననివ్వదు. పుల్ల పెట్టి కూల్‌డ్రింకు పీల్చినా అంతే. గడ్డ పోయిన గుంటలో ఎముక బయటపడుతుంది. తగ్గుతోందనుకున్న నొప్పి మూడో రోజో నాలుగో రోజో తిరగబెట్టి చెవి దాకా లాగుతుంది, నోరు వాసన వేస్తుంది. డాక్టర్లు దీన్ని డ్రై సాకెట్ అంటారు. ఇంట్లో మాత్రలతో లొంగదు. గుంట కడిగి మందు పెట్టించుకోవాలి. బీడీ కనీసం మూడు రోజులు, చేతనైతే వారం మానాలి. వక్కాకు, గుట్కా కూడా అంతే.

మొదటి రోజు ఐసుగడ్డను గుడ్డలో చుట్టి పావుగంట సేపు బుగ్గపై ఉంచి తీస్తూండాలి. వాపు రెండు మూడు రోజుల వరకు పెరిగి ఆ తర్వాత దిగుతుంది. రెండో రోజు బుగ్గ ఇంకా ఉబ్బిందని ఆపరేషన్ చెడిపోయిందనుకోవద్దు. తలకింద రెండు దిండ్లు వేసుకుని పడుకోవాలి. ఇరవై నాలుగు గంటలు గడిచాక గోరువెచ్చని ఉప్పు నీళ్లు నోట్లో పోసుకుని మెల్లగా తిప్పి వదలాలి, గలగల పుక్కిలించరాదు. చీము మందులు రాస్తే నొప్పి తగ్గిందని సగంలో ఆపరాదు.

తిండి విషయంలో మన సీమవాసులకు ఒక సౌకర్యం ఉంది. సంగటి నమిలే పని లేదు, మింగడమే. అయితే మొదటి రోజు ముద్ద కూడా వద్దు, చల్లారిన రాగి అంబలిలో మజ్జిగ కలుపుకుని తాగాలి. మత్తు దిగేదాకా, అంటే రెండు నుంచి నాలుగు గంటలు, ఏదీ తినకపోవడం మంచిది. బుగ్గ కరుచుకున్నా, వేడి టీకి నాలుక కాలినా తెలియదు. రెండు మూడు రోజులయ్యాక మెత్తని సంగటి ఊరుబిండి లేకుండా, కారం లేని పప్పుతో తినవచ్చు. బొరుగులు, జొన్నరొట్టె ముక్కలు గుంటలో ఇరుక్కుంటాయి.

కూలికి పోయేవారిది వేరే కష్టం. మూడు నాలుగు రోజులు బరువు ఎత్తకూడదు, వంగి చేసే పని చేయకూడదు. కూలి డబ్బులు పోతాయని మర్నాడే పనిలోకి దిగితే నెత్తురు మళ్లీ మొదలై, మందులకు, బస్సు చార్జీలకు ఇంకా ఎక్కువ పోతుంది. వాపు, చీము లేని పన్నైతే శనక్కాయ పెరికే రోజుల్లో కాకుండా, పనులు లేని నెలలో తీయించుకోవడం తెలివైన పని.

కుట్లు కరిగే దారంతో వేస్తే వాటంతటవే పోతాయి, మామూలు దారమైతే వారానికి విప్పుతారు. నోరు మునుపటిలా తెరుచుకోవడానికి వారం, పది రోజులు పట్టవచ్చు. చిగురు మూడు నాలుగు వారాల్లో గుంటను కప్పేస్తుంది, లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. చిగురు కప్పుకునేదాకా వేయించిన శనక్కాయలను రెండో వైపు దవడతో నమలాలి.