వెల్డింగే.. కానీ పొర మీద పొర!

లోహపు త్రీడీ ప్రింటింగ్ అనగానే న్యూజిలాండ్‌లో ముందుగా గుర్తొచ్చేది రాకెట్ ల్యాబ్. పీటర్ బెక్ 2006లో ఇక్కడ స్థాపించిన సంస్థ ఇది. దీని ఎలక్ట్రాన్ రాకెట్‌ను నడిపే రూథర్‌ఫర్డ్ ఇంజిన్‌లో ప్రధాన భాగాలన్నీ ప్రింట్ చేసినవే. 2018 జనవరిలో మహియా ద్వీపకల్పం నుంచి ఎగిరిన ఆ రాకెట్ తొలిసారి కక్ష్యను చేరింది. మన హైదరాబాద్‌లోని స్కైరూట్ కూడా ప్రింట్ చేసిన ఇంజిన్లతో ఇదే బాటలో సాగుతోంది.

రాకెట్ ఇంజిన్ భాగాలకు సాధారణంగా వాడేది లోహపు పొడి. చిన్న, సున్నితమైన భాగాలకు అది సరిపోతుంది. ఓడ ప్రొపెల్లర్ లాంటి పెద్దవాటికి మరో పద్ధతి ఉంది. అదే వైర్ ఆర్క్. పేరు కొత్తదైనా పని పాతదే. మన ఊళ్లో ఇనుప గేటుకు, ట్రాక్టర్ ట్రక్కుకు చేసే వెల్డింగే దీనికి మూలం. కరెంటు ఆర్క్ వేడికి లోహపు తీగ కరుగుతుంది. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు, రోబో చేయి కదిలిన దారిలో పొర మీద పొర పేరుకుంటుంది. గంటకు కిలోల లెక్కన లోహం పోయొచ్చు.

2017లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఇలాగే 298 పొరలతో ఓడ ప్రొపెల్లర్ తయారుచేశారు. బ్యూరో వెరిటాస్ సంస్థ పరీక్షించి ధ్రువీకరించింది. 2021 జులైలో ఆమ్‌స్టర్‌డామ్ కాలువపై 12 మీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ నడక వంతెన ప్రారంభమైంది. దాన్నీ వెల్డింగ్ రోబోలే ప్రింట్ చేశాయి.

సముద్రాల నడుమ ఉన్న న్యూజిలాండ్‌కు ఇది అక్కరకొచ్చే విద్య. ఒకే ఒక్క విడిభాగం కోసం అచ్చు చేయించి పోత పోయిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. విదేశం నుంచి తెప్పిస్తే ఓడలో వారాలు పడుతుంది.

అయితే బటన్ నొక్కితే అయిపోయే పని కాదు. వేడి పేరుకుంటే లోహం వంకర పోతుంది. గ్యాస్ రక్షణ తగ్గితే లోపల బుడగలు మిగులుతాయి. పైభాగం గరుకుగా వస్తుంది కాబట్టి తర్వాత మెషినింగ్ తప్పదు. ఈ లోపాలు ఎక్కడ పుడతాయో, ఎలా ఆపాలో వెల్డింగ్ తెలిసిన చేతికి బాగా తెలుసు.

మన ఇళ్లలో మాత్రం ఇంజినీరింగ్‌కున్న గౌరవం వెల్డింగ్‌కు లేదు. న్యూజిలాండ్ లెక్క వేరు. 2025 ఆగస్టులో వెల్డర్, ఫిట్టర్, మెటల్ ఫ్యాబ్రికేటర్ వంటి పనులను గ్రీన్ లిస్టులో చేర్చింది. తగిన అర్హత, అనుభవం ఉన్నవారు ఇక్కడ ఆ ఉద్యోగంలో 2 ఏళ్లు పనిచేశాక రెసిడెన్స్ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. నిబంధనలు మారుతుంటాయి కనుక ఇమిగ్రేషన్ న్యూజిలాండ్ వెబ్‌సైట్ చూసుకోవడం మేలు. ఇక్కడే పెరిగిన పిల్లలకైతే జీతం తీసుకుంటూ పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ ఉంది. 'నేను వెల్డింగ్ నేర్చుకుంటా' అని మీ అబ్బాయో అమ్మాయో అంటే, వద్దనే ముందు ఒకసారి ఆలోచించండి.