నాలుగు చక్రముల బలము

తొలకరి పడిన పిమ్మట విజయవాడ నుండి కృష్ణ కరకట్ట వెంబడి అవనిగడ్డ దిక్కునకు పోవువారికి ఒక దృశ్యము తరచుగా కన్పట్టును. తారు బాట విడిచి చేని డొంకలోనికి దిగిన సరకుల బండి నల్లరేగడిలో దిగబడి యుండును. వెనుక చక్రమొకటి గిరగిర తిరుగుచు బురద చిమ్ముచుండును. డ్రైవరు ఎంత తొక్కిన బండి అంత లోతునకు దిగును.

ఈ బాధ తప్పుటకై నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు పికప్ బండ్లు వచ్చినవి. వానిలో కొన్నింటి మీటపై ‘ఆటో’ అను గుర్తు కూడ కలదు. దాని నెప్పుడు వాడవలెనో, ఎప్పుడు నమ్మరాదో తెలిసికొందము.

సామాన్యమైన పికప్‌లో బలము వెనుక ఇరుసునకు మాత్రమే పోవును. ఇరుసు నడుమనుండు డిఫరెన్షియల్ దానిని రెండు చక్రములకును సమముగా పంచును. కనుక ఒక చక్రము బురదలో పట్టు దప్పినచో, రెండవది గట్టి నేలపై నున్నను దాని కందు బలము అంతంతమాత్రమే. నాలుగు చక్రముల బండిలో ట్రాన్స్‌ఫర్ కేస్ అను పళ్ళచక్రముల పెట్టె ముందు ఇరుసునకును బలమును పంపును.

ఇందులో ఒక చిక్కు కలదు. మలుపు తిరుగునపుడు ముందు చక్రములు వెనుకవాని కంటె పెద్ద చుట్టు చుట్టును. రెండు ఇరుసులును ఒకే వేగముతో తిరుగునట్లు బిగించినచో, బురదలో చక్రము కొంచెము జారి సర్దుకొనును. పొడి తారుపై జారుటకు వీలులేక టైర్లు అరుగును, స్టీరింగు బరువెక్కును, పళ్ళచక్రములు దెబ్బతినును.

ఆటో పద్ధతిలో ఆ గట్టి బిగింపునకు బదులు, ఒకదానినొకటి ఒరయు క్లచ్ పలకలు పనిచేయును. వెనుక చక్రములు ముందువాని కంటె వేగముగా తిరుగుచున్నవని సెన్సార్లు తెలుపగనే, కంప్యూటరు ఆ పలకలను నొక్కించి కొంత బలమును ముందునకు మరల్చును. పట్టు దొరకగనే నొక్కు సడలించును.

కొంత తడి, కొంత పొడి యైన బాటకు ఇది తగినది. నాట్ల కాలమున దమ్ము చేసిన ట్రాక్టర్లు తారు బాటపై బురద రాల్చుచు పోవును. అట్టి ప్రతి చోటను మీట త్రిప్పుట డ్రైవరునకు సాధ్యము కాదు. ఆ పనిని ఆటో చేయును. అమెరికాలోని మనవారికి మంచు పడిన బాటలపై ఇదే ఉపయోగపడును.

అయితే ఆటో చాలవరకు చక్రము జారిన పిదప మేల్కొనునట్టిది. రేగడిలో ఆ క్షణముననే చక్రము గుంట త్రవ్వుకొనును. పలకలు ఎక్కువసేపు ఒరసినచో వేడెక్కును. కనుక డొంకలోనికి దిగక మునుపే ‘ఫోర్ హై’ వేసికొనవలెను. గట్టు ఎక్కుటకును, దిగబడిన ట్రాలీని లాగుటకును ‘ఫోర్ లో’ తగినది. దానిని బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన తీరుననే వేయవలెను.

మన దేశమున అమ్ముడగు పికప్‌లలో పెక్కింటికి ఆటో గుర్తు లేదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారగు ఇసుజు వి-క్రాస్ నాలుగు చక్రముల రకమునకు ‘టూ హై’, ‘ఫోర్ హై’, ‘ఫోర్ లో’ అను మూడే కలవు. అట్టి బండి పొడి బాటకు రాగానే మీటను మరల ‘టూ హై’కి త్రిప్పవలెను.

ఇక ప్రాణములతో ముడివడిన సంగతి. బ్రేకులు రెండు విధముల బండ్లకును నాలుగు చక్రములకే యున్నవి. కనుక ఈ బలము బండిని కదల్చుటకే గాని ఆపుటకు అక్కరకు రాదు. ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క పల్లము గల కట్టపై, సులువుగా వేగమందుకొన్న బండికి మలుపులో టైర్ల పట్టే దిక్కు.

వరదలోను ఇంతే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములను ముంచినది. పారు నీరు బండిని తేల్చును. నేల పట్టు పోయిన పిమ్మట బలము రెండు చక్రములకు అందిననేమి, నాలుగింటికి అందిననేమి?

ఎడ్లబండ్లు తోలిన మన పెద్దలు వాగు దాటుటకు ముందు దిగి, కర్రతో లోతు చూచి, పిదప ఎడ్లనదలించెడివారు. మీట ఎంత తెలివిగలదైనను, ఆ దిగి చూచు పని మనదే.