గణకయంత్రముల రహస్య సంభాషణము

ముద్రారాక్షస నాటకము నెఱిగినవారికి రాక్షసమంత్రి యుంగరము కథ గుర్తుండును. లేఖపై బడిన ముద్ర నిజమైనదే. వ్రాతయు నాతని మిత్రుడగు శకటదాసునిదే. అయినను ఆ లేఖ చాణక్యుని పన్నుగడ. ఇట్టి చిక్కే నేటి గణకయంత్రములకును, అనగా కంప్యూటర్లకును, వచ్చినది.

దూరమున నుండి మాటలాడుకొను రెండు యంత్రములకు ముఖము కానరాదు, గొంతు వినరాదు. అవతలివా డెవడో తెలియు టెట్లు? 1978వ సంవత్సరమున నీడ్‌హామ్, ష్రోడర్ అను నిద్దరు విద్వాంసులు దీని కొక పద్ధతి నేర్పఱచిరి. ఇందు బ్రతివానికి నొక తాళ ముండును. దానిని వేయుట యెవరికైనను సాధ్యమే. తీయుట మాత్రము తాళపుచెవి గల సొంతదారునికే చెల్లును.

మన శాస్త్రగ్రంథములలో నుదాహరణమునకు వచ్చు దేవదత్త యజ్ఞదత్తులనే తీసికొందము. దేవదత్తుడు తన పేరును, అప్పటికప్పుడు కల్పించిన గుట్టు సంఖ్య నొకదానిని పెట్టెలో నుంచి, యజ్ఞదత్తుని తాళము వేసి పంపును. యజ్ఞదత్తుడు తెఱచి, దానికి దన గుట్టు సంఖ్యను జేర్చి, దేవదత్తుని తాళముతో దిరుగ బంపును. తన సంఖ్య తిరిగి వచ్చుట చూచి, "ఆ పెట్టెను తెఱవగలవాడు యజ్ఞదత్తు డొక్కడే గదా" యని దేవదత్తుడు నమ్మి, రెండవ సంఖ్యను మరల యజ్ఞదత్తుని తాళముతో బంపును. దానితో యజ్ఞదత్తునికిని నమ్మకము కుదురును. 1989లో నీడ్‌హామ్ మఱి యిద్దరితో గలిసి ప్రకటించిన తర్కపద్ధతికి గూడ నిందలి దోషము దొరకలేదు.

1995లో గావిన్ లో యను విద్వాంసుడు దానిని జూపెను. విష్ణుమిత్రు డొక కపటి యనుకొందము (ఆ పేరు గలవారు క్షమింతురు గాక). దేవదత్తుడు వానితోనే మాటలాడ గోరి, వాని తాళముతో బెట్టెను బంపెను. వాడు తెఱచి, లోని సరకునే యజ్ఞదత్తుని తాళముతో మూసి, దేవదత్తుడే పంపినట్లు చేర్చెను. ప్రత్యుత్తరము దేవదత్తుని తాళముతో వచ్చెను. కపటి దానిని దెఱవలేడు. తెఱవ నక్కఱయు లేదు. ఉన్నదున్నట్లు దేవదత్తునికి బంపెను. ఆతడది విష్ణుమిత్రుని యుత్తరమే యని భ్రమించి, రెండవ సంఖ్యను వాని తాళముతోనే వానికి బంపెను! ఇక నేమున్నది? వాడా సంఖ్యను జూపి, తానే దేవదత్తుడనని యజ్ఞదత్తుని నమ్మించెను. ఒక్క తాళమైనను బగులలేదు.

పదునేడేండ్లు పండితుల కన్ను గప్పిన దోష మిది. వెలుపలి దొంగను దలచిరి గాని, జాబితాలోని సభ్యుడే దొంగ కావచ్చునని తలపరైరి.

1996లో ఆయన యీ వ్యవహారమును, హోర్ అను గణకశాస్త్రవేత్త కల్పించిన సంకేతభాషలో సూత్రములుగా వ్రాసి, కపటి చేయగల పనులన్నియు జేర్చి, యంత్రమున కప్పగించెను. చదరంగపు టెత్తు లన్నిటిని వరుసగా నాడి చూచినట్లు, యంత్రము ప్రతి క్రమమును వెదకి యీ మోసమునే పట్టెను. చికిత్స మిక్కిలి చిన్నది: ప్రత్యుత్తరములో యజ్ఞదత్తుడు తన పేరునుగూడ వ్రాయవలెను. అప్పుడు దేవదత్తుడు పెట్టె తెఱవగానే, "విష్ణుమిత్రు డనుకొంటిని, యజ్ఞదత్తుని పే రేల?" యని యాగును.

యంత్రము పరీక్షించినది కొద్దిమంది గల చిన్న లోకమునే. అందు దోషము లేనిచో నెందఱున్నను లేదని ఆయన వేఱుగ నిరూపించెను. తాళములు మాత్రము పగులవని యంతటను ముందే యొప్పుకొనబడినది. వాని గట్టితనమును దేల్చుట గణితజ్ఞుల పని.