బావర్చీ హునర్ క్లాస్‌రూమ్‌లో వస్తుందా?

ఇంటర్ పాసైన పిల్లవాడు "నేను చెఫ్ అవుతా" అన్నాడంటే చాలు, ఇంట్లో రెండు రకాల మాటలు మొదలవుతాయి. "వంట నేర్చుకోడానికి లక్షలు కట్టి కాలేజీ ఎందుకు? మంచి ఉస్తాద్ దగ్గర రెండేళ్లుంటే చాలు" అంటాడు మామూ. "సర్టిఫికెట్ లేకుండా దుబాయ్‌లో పెద్ద హోటల్ ఎవడిస్తాడు?" అంటాడు తండ్రి. ఇద్దరి మాటా నిజమే, కానీ ఇద్దరూ సగమే చెబుతున్నారు.

మన కచ్చే గోష్త్ బిర్యానీనే తీసుకోండి. డేగ్ అడుగున మసాలా పట్టించిన పచ్చి మాంసం, పైన సగం ఉడికిన బియ్యం. మూత చుట్టూ పిండి ముద్దతో మూసి దమ్ మీద పెట్టాక తెరిచి చూడటం ఉండదు. అడుగున గోష్త్, పైన అన్నం ఒకేసారి కుదరాలి. మాంసం ముదురా లేతా, బియ్యం పాతవా కొత్తవా, కింద నిప్పు ఎంత అనేది ముందే అందాజ్ వేయాలి. ఉస్తాద్ ఒక మెతుకును వేళ్ల మధ్య నలిపి "బస్, వార్చెయ్" అంటాడు. ఆ నలుపుడు నోట్స్‌లో రాసుకుంటే వచ్చేది కాదు. కాలేజీ కిచెన్‌లో పది మందికి వండినవాడు మూడు వందల మంది డేగ్ ముందు నిలబడితే చేతులు వణుకుతాయి.

అయితే ఉస్తాద్ దగ్గర దొరకనిది ఒకటుంది: ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు. మాంసానికి పచ్చి బొప్పాయి ఎందుకు పట్టిస్తారంటే "అలాగే వేస్తారు బేటా" అంటాడు. బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైమ్ మాంసంలోని ప్రొటీన్‌ను తెంచుతుందని, ఎక్కువైనా, ఎక్కువసేపు ఉంచినా ముక్క పిండిపిండి అవుతుందని క్లాసులో చెబుతారు. అది తెలిసినవాడు మటన్ బదులు చికెన్ ఇచ్చినా తడబడడు, బొప్పాయి తగ్గించేస్తాడు.

అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. వలీమా ముగిశాక మిగిలిన బిర్యానీని రాత్రంతా అలాగే వదిలేసి, పొద్దున వేడిచేసి చుట్టాలకు పంపడం మనకు మామూలే. వండిన అన్నంలో కూడా బ్యాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బతికే ఉంటాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అన్నం గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. ఆ విషాల్లో వాంతులు తెప్పించే రకం మళ్లీ వేడిచేసినా పోదు. నలభై ఏళ్ల అనుభవమున్న బావర్చీకి కూడా ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. తప్పు ఆయనది కాదు, ఆయన ఉస్తాద్‌కూ ఎవరూ చెప్పలేదు.

ఇక కాలేజీ విషయం. హైదరాబాద్ విద్యానగర్‌లోని ఐహెచ్ఎంలో మూడేళ్ల డిగ్రీకి ఇంటర్ తర్వాత ఎన్‌సీహెచ్ఎం జేఈఈ రాయాలి. వంటతో పాటు హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్, అకౌంట్స్ కూడా ఉంటాయి, మధ్యలో కొన్ని నెలలు హోటల్‌లో ట్రైనింగ్. ప్రైవేటు కాలేజీలో చేరేవాళ్లు బిల్డింగ్ చూసి మోసపోకండి. కిచెన్ తెరిచి చూపించమనండి. ఒక స్టవ్‌కు ఎంతమంది, వారంలో ఎన్ని గంటలు వండిస్తారు, సార్ వండితే చూడటమేనా పిల్లలు కూడా వండుతారా అని అడగండి. సీనియర్లను కలిస్తే హోటల్ ట్రైనింగ్‌లో ఏం చేయించారో చెప్పేస్తారు. ఆరు నెలలు బంగాళాదుంపల తొక్క తీయించిన హోటళ్లూ ఉన్నాయి.

మరి చదువు ఆపేసి ఇప్పటికే ఉస్తాద్ దగ్గర పనిచేస్తున్న కుర్రాడి సంగతి? చేతిలో పనుంది, కాగితమే లేదు. ఇలాంటి వాళ్ల కోసమే 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఆర్‌పీఎల్ అనే పద్ధతి పెట్టారు. మళ్లీ మొదటి నుంచి నేర్పరు, వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. ఎనిమిదో తరగతి పాసైనవాళ్లకు వంట నేర్పడానికి కేంద్ర పర్యాటక శాఖ తెచ్చిన పథకం పేరే 'హునర్ సే రోజ్‌గార్ తక్'. బ్యాచ్‌లు ఎప్పుడూ ఉండవు కాబట్టి దగ్గర్లోని స్కిల్ సెంటర్‌లో, ఐహెచ్ఎంలో అడిగి ఉంచుకోవాలి. ఆహార భద్రత మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫోస్టాక్ ట్రైనింగ్ ఒక్క రోజులో అయిపోతుంది, అది మాత్రం ఉస్తాద్‌నూ వెంట తీసుకెళ్లి చేయించండి.

గల్ఫ్ ఏజెంట్ దగ్గరకు వెళ్లే ముందే ఈ కాగితాలు సిద్ధం చేసుకుంటే మంచిది. ఒక మాట, ట్రేడ్ టెస్ట్‌లో బిర్యానీయే అడుగుతారని అనుకోవద్దు. రెండు గుడ్లు చేతికిచ్చి ఆమ్లెట్ వేయమనొచ్చు.