పదోసారీ ఆగాలంటే

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఆగిందంటే, ఆ వేగంలో ఉన్న శక్తి ఎక్కడికో చేరి ఉండాలి. మనిషితో కలిపి వెయ్యి కిలోలు తూగే చిన్న స్పోర్ట్స్ కారు ఆ వేగంలో దాదాపు 385 కిలోజౌళ్ల శక్తిని మోసుకుపోతుంటుంది. లీటరు నీళ్లు పొయ్యి మీద పెట్టి మరిగించడానికి అంతకంటే కాస్త తక్కువే చాలు. గట్టిగా బ్రేకు నొక్కితే కారు నాలుగు సెకన్లలో ఆగుతుంది. అంటే లీటరు నీళ్లను నాలుగు సెకన్లలో మరిగించేంత వేడి నాలుగు చక్రాల దగ్గర పుడుతుందన్న మాట. లెక్క కడితే సగటున 130 హార్స్‌పవర్ దాకా తేలుతుంది. 1955లో ఇంగ్లాండులోని అబింగ్డన్ కర్మాగారం నుంచి బయటికొచ్చిన ఎంజీఏ కారు ఇంజను బలం 70 హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూ. ఆ కారులో అన్నిటికంటే బలమైన యంత్రం బ్రేకే.

వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. బ్రేకు ఆ శక్తిని మాయం చేయలేదు. రాపిడితో వేడిగా మారుస్తుంది, ఆ వేడిని కాసేపు తన ఇనుములో దాచుకుంటుంది, తర్వాత మెల్లగా గాలికి వదులుతుంది. మొదటి పని ఏ బ్రేకైనా చేస్తుంది. దాచుకున్న వేడిని వదలకముందే మళ్లీ నొక్కాల్సి వస్తే ఏమవుతుందన్నదే చిక్కు. పాత కార్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు సొంత షెడ్డులో డ్రమ్ములు విప్పి డిస్కులు బిగించుకోవడం ఈ చిక్కు కోసమే. వాళ్లకంటే ముందు యాభై ఏళ్లపాటు ఇంజనీర్లు తలలు పట్టుకున్నదీ దీని కోసమే.

డ్రమ్ము బ్రేకుది తెలివైన నిర్మాణం. లూయీ రెనో 1902లో దానికి ఒక రూపమిచ్చాడు. చక్రంతో పాటు పోత ఇనుము డ్రమ్ము తిరుగుతుంది, లోపల అర్ధచంద్రాకారపు షూలు రెండు విచ్చుకుని దాని గోడను లోపలి నుంచి రాసుకుంటాయి. తిరిగే దిశలో ఉన్న షూను డ్రమ్మే తన వైపు మరింత లాక్కుంటుంది. అందుకే కాలితో కొద్దిగా నొక్కినా బ్రేకు బాగా పడుతుంది. వాక్యూం సాయం లేని రోజుల్లో ఇది చిన్న వరం కాదు. బురద, వాన నీళ్లు నేరుగా లోపలికి పోవు. పైగా హ్యాండ్ బ్రేకును దీనికి కలపడం తేలిక.

తంటా అంతా వేడితోనే. రాపిడి జరిగే గోడ లోపలుంటుంది, గాలి తగిలేది బయట. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది, దాంతో పెడల్ ఇంకా కిందికి దిగాలి. షూల మీద అతికిన లైనింగు మరీ వేడెక్కితే దాని పట్టు సడలుతుంది. షూను డ్రమ్ము లాక్కునే గుణం ఇప్పుడు ఎదురు తిరుగుతుంది. పట్టు కాస్త తగ్గితే లాగడమూ తగ్గుతుంది, ఆ రెండూ కలిసి బ్రేకు బలాన్ని ఎన్నో రెట్లు పడగొడతాయి. దీన్నే ఫేడ్ అంటారు. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీదే కాలుంచిన లారీ దగ్గర వచ్చే మాడు వాసన దీని మొదటి హెచ్చరిక.

డిస్కు బ్రేకు ఈ అమరికను తిరగేసింది. చక్రంతో తిరిగే బల్లపరుపు ఇనుప పళ్లేన్ని రెండు వైపుల నుంచీ రెండు ప్యాడ్లు నొక్కుతాయి. ఏ క్షణంలో చూసినా ప్యాడ్ల కింద ఉండేది పళ్లెంలో కొంత భాగమే, మిగతాదంతా గాలిలో తిరుగుతుంటుంది. వేడికి పళ్లెం మందం పెరిగితే ప్యాడ్ల వైపే పెరుగుతుంది కాబట్టి పెడల్ కిందికి జారదు. ప్యాడ్‌ను లోపలికి లాక్కునే గుణం దీనికి లేదు. కాలు ఎంత బలం పెడితే అంతే దామాషాలో బ్రేకు పడుతుంది. అదే దీని మంచితనం, ఎక్కువ బలం కావాల్సి రావడానికి కారణమూ అదే.

ఆలోచన కొత్తదేమీ కాదు. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకు మీద పేటెంటు తీసుకున్నది 1902లోనే, అంటే రెనో డ్రమ్ము వచ్చిన ఏడాదే. కారు ఇంజనీరింగులో అంత దూరదృష్టి ఉన్నవాళ్లు ఆ తరంలో అరుదని నా అభిప్రాయం. అయితే రాపిడికి ఆయన చేతిలో ఉన్నది రాగి. రాగి ఇనుమును ఒరుసుకుంటే చెవులు చిల్లులు పడే చప్పుడు, పైగా ఆనాటి మట్టిరోడ్ల దుమ్ముకు అది ఇట్టే అరిగిపోయేది. తర్వాత కొన్నేళ్లకు హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్‌బెస్టాస్ లైనింగులు తెచ్చాడు. అప్పటికి డ్రమ్ము స్థిరపడిపోయింది, కార్ల వేగమూ దానికి సరిపోయేంతే ఉండేది. దాంతో డిస్కు మూలన పడింది.

దాన్ని మళ్లీ బయటికి తీసింది విమానం. నేల తాకే వేళ విమానం మోసే శక్తి కారుతో పోల్చదగినది కాదు, దాన్నంతా చిన్న చక్రాల్లోనే ఇమిడ్చి ఆపాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి విమానాల డిస్కు బ్రేకులు చేసే కంపెనీలు తయారయ్యాయి. వాటి అనుభవాన్ని కార్లకు తెచ్చే మొదటి ప్రయత్నం అమెరికాలో తడబడింది. 1949లో క్రాస్లీ కంపెనీ తన చిన్న కారు హాట్‌షాట్‌కు విమానాల తరహా డిస్కులు పెట్టింది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఆ బ్రేకులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. కంపెనీ మళ్లీ డ్రమ్ములకే మళ్లింది.

ఇంగ్లాండులోని కోవెంట్రీలో కథ వేరుగా నడిచింది. విమానాల బ్రేకులు చేసే డన్‌లప్, కార్లు చేసే జాగ్వార్ రెండూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. జాగ్వార్ సీ టైప్ రేసు కారు మీద డిస్కులను నలగ్గొట్టి పరీక్షించే పని ఆ కంపెనీ టెస్టు డ్రైవర్ నార్మన్ డూయిస్ మీద పడింది. ఎదురైన ఇబ్బందుల్లో ఒకటి నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది. మలుపులో చక్రం మీద బరువు పడి హబ్ కాస్త వంగితే, డిస్కు ప్యాడ్లను వెనక్కి తోసేది. తర్వాత బ్రేకు నొక్కితే పెడల్ ఖాళీగా దిగిపోయేది. డ్రైవర్లు మలుపుకు ముందే ఎడమ కాలితో పెడల్‌ను ఒకసారి తట్టి, ప్యాడ్లను మళ్లీ దగ్గరికి తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నారు. కాగితం మీద ఏ లోపమూ లేని యంత్రం రోడ్డెక్కాక బయటపెట్టే గుణాలివి.

1952 జూన్‌లో ఫ్రాన్స్‌లోని రీమ్స్ రేసులో డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ డిస్కు బ్రేకుల సీ టైప్‌తో గెలిచాడు. అసలైన పరీక్ష మరుసటేడు 24 గంటల లె మాన్ రేసులో జరిగింది. అక్కడ ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు మీద కార్లు గంటకు 230 కిలోమీటర్లు దాటి పరుగెత్తి, దాని చివర ముల్సాన్ మలుపులో దాదాపు ఆగినంత నెమ్మదించాలి. మొదట చెప్పిన లీటరు నీళ్ల లెక్కలో చూస్తే, ఒక్కసారి బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడి అయిదింతలు. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ 304 చుట్లు తిరిగి గెలిచింది. అంటే ఆ ఒక్క మలుపు దగ్గరే బ్రేకు మూడువందల సార్లకు పైగా నొక్కాల్సి వచ్చింది. సగటు వేగం గంటకు 170 కిలోమీటర్లు. ఆ పోటీలో సగటు గంటకు నూరు మైళ్లు దాటడం అదే మొదటిసారి. డ్రమ్ముల కార్ల డ్రైవర్లు గంటలు గడిచేకొద్దీ బ్రేకులను కాపాడుకుంటూ మలుపుకు చాలా ముందే నెమ్మదించాల్సి వస్తే, జాగ్వార్లు చివరి దాకా ఆలస్యంగా నొక్కగలిగాయి.

1955లో మెర్సిడెస్ అదే పోటీకి డ్రమ్ములతోనే వచ్చింది, వాటికి సాయంగా సీటు వెనక పెద్ద రేకు తలుపును అమర్చింది. మలుపు ముందు డ్రైవరు దాన్ని నిటారుగా లేపితే గాలే కారును పట్టి ఆపేది. అద్భుతమైన ఏర్పాటే. అంత గొప్ప కంపెనీ గాలిని బ్రేకుగా వాడుకోవాల్సి వచ్చిందంటే డ్రమ్ము తన హద్దుకు చేరిందని అర్థం. ఆ పోటీలో ఎనభై మందికి పైగా బలిగొన్న ఘోర ప్రమాదం జరిగింది, మెర్సిడెస్ మధ్యలోనే తన కార్లను వెనక్కి పిలిపించుకుంది.

ఆ తర్వాత డిస్కు మామూలు రోడ్డు కార్లకు త్వరగానే దిగివచ్చింది. 1955లో సిట్రోయెన్ డీఎస్, 1956లో ట్రయంఫ్ టీఆర్3 ముందు చక్రాలకు డిస్కులతో వచ్చాయి. మామూలు ఎంజీఏ వంతు 1959లో, 1600 మోడల్‌తో వచ్చింది. లక్షకు పైగా తయారైన ఎంజీఏల్లో సగానికి మించి అంతకుముందటివే. వాటిలో దాదాపు అన్నిటికీ నాలుగు చక్రాలకూ పదంగుళాల డ్రమ్ములే. ఆ కారునే రెండు రకాల బ్రేకులతోనూ ఒకే కర్మాగారం తయారుచేసింది కాబట్టి, పాత ఎంజీఏకు డిస్కులు బిగించడం ఇంటి షెడ్డులో అయ్యే పనిగా మారింది. ముందు చక్రాల స్టబ్ యాక్సిల్, హబ్, డిస్కు, ప్యాడ్లను పట్టుకుని నొక్కే కాలిపర్లు తర్వాతి మోడల్ నుంచి సెట్టుగా తెచ్చుకుంటే, కొత్తగా లోహం కోయాల్సిన పని పెద్దగా ఉండదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డిస్కులు పెడితే కారు తక్కువ దూరంలో ఆగుతుందని చాలామంది నమ్మకం. మంచి స్థితిలో ఉన్న డ్రమ్ములు కూడా ఆ కారు చక్రాలను కదలకుండా పట్టేయగలవు. చక్రం పట్టేశాక ఆపాల్సింది టైరు, రోడ్డు. అందుకే చల్లని బ్రేకులతో మొదటిసారి ఆగే దూరం డిస్కులతో పెద్దగా మారదు. మారేది కొండ దిగుతూ ఆరోసారి, పదోసారి నొక్కినప్పుడు. ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద తిరిగే కారుకు డిస్కుల అవసరం తక్కువ. కొండ దారుల్లో, ట్రాక్ మీద తిరిగే కారుకు వాటి విలువ వెలకట్టలేనిది. మొదటి రకం యజమానికి నా సలహా ఒకటే. ముందు గట్టిపడిన రబ్బరు హోసులు, చెమ్మ కారే వీల్ సిలిండర్లు మార్చుకోండి. ఆ కాలపు కార్లలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ లైను. ఒక్క హోసు పగిలితే మిగిలేది హ్యాండ్ బ్రేకే. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు రెండు విడి లైన్లను తప్పనిసరి చేసింది అందుకే. డిస్కులు పెట్టించుకోవడం కంటే, పెడల్ బలాన్ని ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్‌ను రెండు లైన్లది పెట్టించుకోవడమే ప్రాణానికి ఎక్కువ భరోసా అని నా నమ్మకం.

మార్చాలనే నిర్ణయించుకుంటే, మొదటి జాగ్రత్త పాత డ్రమ్ము విప్పేటప్పుడే మొదలవుతుంది. అందులోని నల్లటి పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఊపిరితిత్తుల్లోకి పోతే అది దశాబ్దాల తర్వాత క్యాన్సర్ తేగలదు. గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తుడిచి సంచిలో కట్టేయాలి, ముక్కుకు సరైన మాస్కు ఉండాలి. కారును జాకీ మీద వదిలేసి కింద దూరకూడదు, స్టాండ్ల మీద దించాకే చెయ్యి పెట్టాలి.

బిగించడం కంటే లెక్క కష్టం. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం ముప్పావు అంగుళం నుంచి అంగుళంలో 7/8 వంతుకు పెరిగితే, అదే కాలి బలానికి ఆయిల్ ఒత్తిడి నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. పెడల్ రాయిలా గట్టిగా తగులుతుంది, కారు మాత్రం ఆగదు. వ్యాసం మరీ తగ్గితే కాలిపర్లలోని పెద్ద పిస్టన్లకు చాలినంత ఆయిల్ అందక పెడల్ నేలకు తగులుతుంది. డ్రమ్ముల కాలపు మాస్టర్ సిలిండర్లు చాలావాటిలో ఒక చిన్న వాల్వు ఉండి, కాలు తీశాక కూడా లైనులో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి కాబట్టి ఆ ఒత్తిడి అక్కడ ఏ ఇబ్బందీ పెట్టదు. డిస్కు ప్యాడ్లకు అలాంటి స్ప్రింగులు లేవు. వాల్వును అలాగే ఉంచితే ప్యాడ్లు డిస్కును ఎడతెగకుండా రాసుకుంటూ, వేడి తగ్గించడానికి పెట్టిన బ్రేకే వేడికి కారణమవుతుంది.

ముందు, వెనక బ్రేకుల పొత్తు మరో సంగతి. బ్రేకు పడినప్పుడు బరువు ముందుకు వాలుతుంది. నిలబడ్డప్పుడు సగం సగం పంచుకున్న బరువు గట్టిగా ఆపే వేళ ముందు చక్రాల మీద 60 శాతం దాటుతుంది. తేలికైన వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే కారు గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్న అమరిక అందుకే సబబైనది. నాలుగు చక్రాలకూ డిస్కులుంటేనే గొప్ప అనే ఆశ ఈ చిన్న కారుకు అక్కర్లేదు. ఇవాళ ఫోక్స్‌వాగన్ ఐడీ.3 వంటి ఎలక్ట్రిక్ కార్లకు కూడా వెనక డ్రమ్ములే పెడుతున్నారు. ఆపే శక్తిలో చాలా భాగం మోటారు ద్వారా బ్యాటరీకి తిరిగి చేరుతుంది కాబట్టి అక్కడ వేడి తక్కువ, మూసి ఉన్న డ్రమ్ము తుప్పు పట్టడం కూడా తక్కువ.

డిస్కు బిగించాక డయల్ గేజీ పెట్టి తిప్పి చూడాలి. అంచు దగ్గర ఊగుడు మిల్లీమీటరులో పదో వంతు దాటితే పెడల్ కాలి కింద వణుకుతుంది. లోపం చాలాసార్లు డిస్కులో ఉండదు, హబ్ మీద తుడవని తుప్పు పొరలోనో, వదులైన బేరింగులోనో ఉంటుంది. కాలిపర్‌లో గాలి తీసే నిపుల్ పైకే ఉండాలి. కుడి కాలిపర్‌ను ఎడమకు బిగిస్తే నిపుల్ కిందికి పోతుంది, లోపలి గాలి బుడగ ఎన్ని గంటలు పంపు చేసినా బయటికి రాదు. కొత్త ప్యాడ్లను మొదటిరోజే పరీక్షకు పెట్టకూడదు. ఖాళీ రోడ్డు మీద మధ్యస్థ వేగం నుంచి పూర్తిగా ఆపకుండా పలుమార్లు నెమ్మదిస్తూ, మధ్యలో చల్లారనిస్తే, ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమమైన పొరగా అంటుకుంటుంది.

ఆ తర్వాత గుర్తుంచుకోవాల్సింది బ్రేక్ ఆయిల్. డాట్ 4 ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు అది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. ప్యాడ్ల వెనకే ఉన్న ఆ ఆయిల్ మరిగిందంటే లైనులో ఆవిరి చేరుతుంది, కాలు పెట్టిన బలమంతా ఆవిరిని నొక్కడానికే సరిపోతుంది. కొత్త డిస్కులూ, సరైన లెక్కలూ ఉన్నా అప్పుడు పెడల్ నేలకు తగులుతుంది. అందుకే కారు నడిచినా నడవకపోయినా, రెండేళ్లకోసారి లైనంతా ఖాళీ చేసి కొత్త ఆయిల్ నింపాలి.